అర్థానికో దోసెడు

మొన్న మా మనవడు సోఫాలో కాళ్ళు బార్లా చాపుకొని కూర్చుని, ఫోనులో ఏదో ఇంగ్లీషు మాట కొట్టి, దానికి ఎన్ని అర్థాలున్నాయో చూడమని నా ముఖం ముందు పెట్టాడు. బొటనవేలితో పైకి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. అయిదు, ఎనిమిది, పదకొండు. ఇంకా ఉన్నాయట.

"ఇన్ని అర్థాలూ ఊరికే ఇచ్చేసిందా?" అని అడిగాను.

"ఊరికే కాక మరి? దీనికి కూడా డబ్బులిస్తారా ఎవరైనా?" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. డబ్బులివ్వలేదు నేను. ఒక్కో అర్థానికి దోసెడు శెనిక్కాయలు పోశానని వాడితో అన్నాను. వేరుశనగ కాయల్ని మా వైపు అట్లాగే అంటాం. ఆ కాయలు నేను పంచిపెట్టదగ్గవి కావన్న సంగతి మాత్రం వాడికి ఆ రోజు చెప్పలేదు. మీకు చెబుతాను.

అప్పట్లో మేము పెనుకొండలో ఉండేవాళ్ళం. కొండ కింద, ఊరి చివరి ఇల్లు. పెరటి తడిక దాటితే మా చేను మొదలు. ఎర్రనేల. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం కేసి చూస్తూ కూర్చోవడం. ఇంట్లో ఏ మూల ముక్కు పెట్టినా శెనిక్కాయల వాసనే. అవ్వ మూకుట్లో ఇసక పోసి, అది బాగా కాగాక కాయలు వేసి వేయించేది. ఆ ఇసక వాసనా, కాయ పైపొట్టు మాడే వాసనా కలిసి వీధి మొదట్లోకి వచ్చేవి. బడి నుంచి ఆ వాసన పట్టుకొని పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. ఒక చేతిలో వేడి కాయలు, ఇంకో చేతిలో బెల్లం ముక్క. అరచేతులు కాలుతున్నా కింద పెట్టేదాన్ని కాదు.

ఆ ఏడు అమ్మ కాన్పుకు రొద్దంలో పుట్టింటికి పోయింది. ఇంట్లో నాయన, అవ్వ, నేను. నేను హైస్కూల్లో సెకండ్ ఫారం, అంటే ఇప్పటి ఏడో తరగతి. తరగతిలో ఆడపిల్లలం ముగ్గురమే. తక్కిన సబ్జెక్టుల్లో నన్ను తన్నేవాడు లేడు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చతికిలపడేదాన్ని. ఒక మాటకు ఒక అర్థం బట్టీ పట్టి, ఆ అర్థాన్నే ఎక్కడపడితే అక్కడ తగిలించేదాన్ని. అర్ధ సంవత్సరం పరీక్షలో, మన బడి పిల్లలు మ్యాచ్ గెలిచారని ఒక వాక్యం ఇచ్చి తెలుగులో రాయమన్నారు. మ్యాచ్ అంటే అగ్గిపుల్ల అని నాకు తెలుసు. అగ్గిపెట్టె మీద ఉంటుంది కదా. "మన బడి పిల్లలు అగ్గిపుల్ల గెలిచారు" అని గుండ్రంగా, అందంగా రాశాను. ఆ ఒక్క పేపరులో తప్పాను.

నాయన చదువుకోలేదు. కానీ మార్కుల కింద గీసిన ఎర్రగీతకు అర్థం తెలుసు. ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చి, పంచెతో చేతులు తుడుచుకుంటూ నా ముందు కూర్చున్నాడు.

"చూడు పాపా. పెద్ద పరీక్షలో కూడా ఇంగ్లీషు తప్పితే ఇంక బడి చాలు. మీయమ్మ బిడ్డనెత్తుకోని వస్తాది. ఇంట్లో శానా పని ఉండాది. రాని చదువుకు పొద్దున్నే లేసి పోయేది యాల?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏడ్చి సాధించుకునేదాన్ని. ఎద్దును అమ్మాలా ఉంచాలా అని ఆలోచించే గొంతుతో అన్నాడు. ఆ గొంతుతో అన్న మాటను నాయన మార్చుకోగా నేను చూడలేదు. నాకు భయం వేసింది.

మా ఇంగ్లీషు అయ్యవారిది ధర్మవరం. వాళ్ళింటి నిండా మగ్గాలు. ఆదివారం ఇంటికి పోయి, సోమవారం పొద్దున రైలు దిగి, నలగని కోటుతో, నస్యం వాసనతో నేరుగా తరగతికి వచ్చేవాడు. నేను పేపరు పట్టుకొని వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. అగ్గిపుల్ల వాక్యం చదివి ఆయన నస్యం డబ్బీ కింద పడేసుకున్నాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకొని అన్నాడు.

"మగ్గం చూసినావా పాపా? పట్టుదారం ఒకటే. నిలువుగా కడితే పడుగు, అడ్డంగా ఆడిస్తే పేక. దారం మారిందా? లేదు. దాని పని మారింది. ఇంగ్లీషు మాటా అంతే. అది యాడ పని చేస్తాందో చూసి అర్థం చెప్పల్ల."

"అన్ని అర్థాలు నాకు ఎట్ల తెలుస్తాయి సార్?"

నిజమే, ఎట్లా తెలుస్తాయి? బడిలో నిఘంటువు ఒకటి ఉండేది. చెదలు దాన్ని మాకంటే శ్రద్ధగా చదివి, నడుమ సగం మింగేశాయి. అయ్యవారు కాసేపు ఆలోచించి తరగతి మొత్తానికి ఒక పద్ధతి పెట్టాడు. సోమవారం సోమవారం బోర్డు మీద ఒక్క మాట రాస్తాడు. మళ్ళీ సోమవారానికి దాని అర్థాలు పట్టుకురావాలి.

"పెనుకొండలో ఇంగ్లీషుకేం కరువు? టేషన్లో ఉండాది, ఆస్పత్రిలో ఉండాది, కోర్టులో ఉండాది, అంగట్లో ఉండాది. పోయి అడగండి. వాళ్ళు ఆ మాటను ఏ పనికి వాడతాండారో కనుక్కోని రాండి."

మొదటి మాట 'కేసు'. కోర్టు కేసు సంగతి మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. ఇంకో అర్థం కోసం బయలుదేరబోతుంటే అవ్వ గడపలో అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండావు వట్టి చేతుల్తో?"

"మాటకు అర్థం అడగను పోతాండా."

"వాళ్ళు పని ఇడిసిపెట్టి నీకు చెప్తారు, నువ్వు విని గమ్మున వచ్చేస్తావా? ఏమన్నా ఉండాదా నీకు? ఉండు."

మా ఇంట్లో అది కట్టుబాటు. అక్షరాభ్యాసం చేయించిన పంతులు దగ్గర నుంచి తేలు మంత్రం వేసే ముసలాయన దాకా ఎవరి దగ్గర ఏది తెలుసుకున్నా, చేలో పండిందాంట్లో దోసెడు వాళ్ళ చేతిలో పోసి రావాలి. అవ్వ తన రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి, వేయించిన కాయలు నా లంగా ఒడిలో పోసింది. ఒక అర్థానికి ఒక దోసెడు. చెప్పినవాళ్ళు వద్దంటే అక్కడే పెట్టి రమ్మంది.

మొదట దర్జీ మామ దగ్గరికి పోయాను. సాయబుల వీధి మొదట్లో రేకుల చాటున ఆయన కుట్టుమిషను. పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె. నీళ్ళు చల్లిన గుడ్డ మీద అది సాగినప్పుడు లేచే ఆవిరి వాసన నాకు చాలా ఇష్టం. ఊళ్ళో అందరి చొక్కాలూ, మా లంగాలూ ఆయన చేతిమీదుగానే వచ్చేవి. ఊరి బయట ఆయనకు అర ఎకరం చేను కూడా ఉండేది.

"కేసా?" అని కళ్ళద్దాలు ముక్కు మీదికి దించాడు. "రైల్వే దొరగారింటికి ఒకసారి దిండు గలీబులు కుట్టినా. వాటిని కేసులే అంటారంట. దిండును లోపల పెట్టుకునేది కేసు. ఇదో, నా కండ్లద్దాల డబ్బీ కూడా కేసే." ఒకటి అడిగితే రెండు చెప్పాడు. రెండు దోసిళ్ళు పోశాను. ఒక కాయ వొలిచి నోట్లో వేసుకొని, "మీ అవ్వ చెయ్యి ఏం చెయ్యి పాపా!" అన్నాడు.

తరువాత ఆస్పత్రి. కాంపౌండరు నెల్లూరు వైపు మనిషి. టింక్చరు వాసన కొడుతుండేవాడు. "కేసంటే రోగి అమ్మాయ్. పొద్దున్నుంచి పన్నెండు కేసులు చూశాం" అని, ఇంకో మాట చెప్పేలోపే కాయలు సగం ఖాళీ చేశాడు.

సోమవారం నాడు బోర్డు మీద నాలుగు అర్థాలు రాయించాను. తక్కినవాళ్ళంతా కోర్టు దగ్గరే ఆగిపోయారు. అయ్యవారు నా వైపు చూసి కోటు గుండీ సవరించుకున్నాడు. ఇంటికి వచ్చి అవ్వకు చెబితే ఆమె ముక్కున వేలేసుకుంది.

"ఒక్క మాటకు నాలుగు పనులా? పాపం, మనకాడ వానకు కరువు, వాళ్ళకాడ మాటలకు కరువు."

ఆ తరువాత నాకు పిచ్చి పట్టింది. 'పాయింటు' అని ఇచ్చిన వారం స్టేషనుకు పోయాను. అక్కడ పాయింట్స్‌మాన్ మామ అని మేమంతా పిలిచే ఆయన ఉండేవాడు. బొగ్గు పొగకు నల్లబడ్డ నీలం చొక్కా. పట్టాలు రెండుగా చీలేచోటుకు నన్ను తీసుకుపోయి చూపించాడు. "ఇదే పాయింటు. దీన్ని ఇట్ల లాగితే బండి హిందూపురం దావ పడతాది. లాగకుంటే ఈడనే పక్క లైన్లో పడుకుంటాది." ఆ ఇనుప పిడి మీద ఒకసారి చెయ్యి పెట్టనిచ్చాడు. చల్లగా, జిడ్డుగా ఉంది. హిందూపురం పోయే బండి మొత్తం నా చేతిలో ఉన్నట్టనిపించి, ఆ రాత్రి సంగటి కూడా సరిగా తినలేదు. సూది మొన కూడా పాయింటేనని దర్జీ మామ చెప్పాడు. వకీలు కోర్టులో లాగేదీ పాయింటేనని ఆయన గుమాస్తా చెప్పాడు.

పాయింట్స్‌మాన్ మామది పెద్ద సంసారం. మూడో వారానికే ధర పెంచాడు. "నాకొక దోసెడు, నా పిల్లోళ్ళకొక దోసెడు. లేకుంటే మాట చెప్పేది లేదు" అని నవ్వుతూనే బిగించాడు. 'పాసు' మాటప్పుడు జేబులోంచి రైల్వే పాసు తీసి, నాకు దూరం నుంచే చూపించి, మడిచి లోపల పెట్టుకున్నాడు. చూపించినందుకు ఇంకో రెండు కలిపి, దానికి నాలుగు దోసిళ్ళు.

ఇట్లా నెలన్నర గడిచిందో లేదో, అవ్వ కాయల బుట్టను బోర్లించి చూపించింది. "అయిపోయినాయి తల్లీ. ఇంక ఇంట్లో ఉండేవి విత్తనం కాయలే. ఇంక నోటిమాటగా అడుక్కో."

విత్తనం కాయలంటే మా ఇంట్లో దేవుడి గూట్లో వస్తువుతో సమానం. పంట ఇంటికి వచ్చిన వారమే అవ్వ వాకిట్లో కూర్చుని, రెండు గింజలు నిండుగా ఉన్న కాయల్ని ఒక్కొక్కటిగా ఏరేది. చెవి దగ్గర ఆడించి చూసేది. డొల్లగా మోగితే పక్కకు విసిరేది. ఏరినవాటిని ఎండిన వేపాకుతో కలిపి రెండు పెద్ద బానల్లో పోసి, పైన మూకుడు మూసి, ఎర్రమట్టీ పేడా కలిపి అంచు మెత్తేది. మళ్ళీ తొలకరి వానకే వాటి మూత లేచేది. నడుమ ఇంట్లో ఎవరు పస్తున్నా ఆ బానల జోలికి పోయేవాళ్ళు కాదు.

నేను పోయాను.

వట్టి చేతుల్తో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అవ్వే నేర్పింది కదా. పెద్ద పరీక్ష దగ్గర పడుతోంది. ఒక దోసెడుతో ఏమవుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసేటప్పుడు వెనక బాన అంచు ఒకవైపు చెంచాతో గీకి, మూకుడు జరిపి, భుజం దాకా చెయ్యి పెట్టి తీశాను. మళ్ళీ మట్టీ పేడా కలిపి మెత్తాను. ఒకసారి మెత్తడం వచ్చాక రెండోసారి భయం పోయింది. వారం వారం ఇదే పని. కాయలు తగ్గుతున్నాయని తెలిశాక దానికీ ఉపాయం కనిపెట్టాను. కాంపౌండరు తిని పడేసిన తొక్కల్ని "ఊడ్చి పోతా సార్" అని ఏరుకొచ్చి బానలో కింద పోసేదాన్ని. పైన నాలుగు దోసిళ్ళు మంచి కాయలు. "ఎంత బుద్ధిమంతురాలమ్మా ఈ పిల్ల!" అని ఆయన నర్సుకు చెప్పి మెచ్చుకున్నాడు.

విత్తనం కాయల్ని వేయించడానికి వీల్లేదు. మూకుడు పెడితే వాసన వీధంతా తెలుస్తుంది. అందుకని పచ్చివే పట్టుకుపోయేదాన్ని. పాయింట్స్‌మాన్ మామ వాటిని స్టేషను బొగ్గుల మీద తనే కాల్చుకునేవాడు. కాంపౌండరు పచ్చివే నమిలేసేవాడు. నెల్లూరు మనిషికి ఏది తినే కాయో ఏది విత్తనమో ఎట్లా తెలుస్తుంది?

దర్జీ మామ మాత్రం మొదటిరోజే ఒక కాయ తీసి వేళ్ళ మధ్య దొర్లించాడు. చెవి దగ్గర ఆడించాడు. దాన్ని అంటుకున్న వేపాకు ముక్కను గోటితో తీసి చూశాడు. తరువాత అద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"అవ్వ ఇచ్చిందా?"

"ఊఁ."

"సరేలే. ఒక్కపొద్దులు కదా పాపా. మాపటికి తింటా" అని మిషను కింది పెట్టెలో పోసుకున్నాడు. రంజాన్ నెల అది. నిజమే అనుకున్నాను. పండగ నాడు మా ఇంటికి ఇత్తడి గిన్నె నిండా సేమ్యా పాయసం పంపించాడు. పండగ పోయాక పన్ను నొప్పి అన్నాడు. పన్ను నొప్పి పోయాక కడుపుబ్బరం అన్నాడు. ఏదన్నా సరే, మాట మాత్రం చెప్పకుండా పంపేవాడు కాదు. అందరికంటే ఎక్కువ అర్థాలు ఆయన దగ్గరే తెచ్చుకున్నాను. అందరికంటే ఎక్కువ కాయలూ ఆయనకే పోశాను.

పెద్ద పరీక్ష వచ్చింది. ఒక పేరాలో, వైద్యుడు ఆ రోజు అయిదు కేసులు చూశాడని ఉంది. ఆ మాట చూడగానే నా ముక్కుకు టింక్చరు వాసన తగిలింది. 'అయిదుగురు రోగులు' అని రాశాను. కింద ఇంకో వాక్యంలో కళ్ళద్దాలను కేసులో పెట్టాడని ఉంది. దర్జీ మామ డబ్బీ కళ్ళ ముందుకు వచ్చింది. ఆ పేపరు రాస్తున్నంతసేపూ ఊరంతా నా బల్ల చుట్టూ నిలబడి అందిస్తున్నట్టే ఉంది.

పాసయ్యాను. నాయన హిందూపురం సంతకు పోయి బెల్లం అచ్చులతో పాటు నాకు రెండు ఎర్ర రిబ్బన్లు తెచ్చాడు. బెల్లం మండీలో కన్నడం మాట్లాడేవాళ్ళకు కూడా మా పాప ఇంగ్లీషులో పాసైందని చెప్పి వచ్చాడట. ఆయన అంత మురిసిపోవడం చూస్తుంటే నాకు రిబ్బన్లు కట్టుకోబుద్ధి కాలేదు. అమ్మ కూడా తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చేసింది. ఇంటినిండా వామూ, సాంబ్రాణీ వాసన. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం రోజుకు పదిసార్లు బయటికి వచ్చి మబ్బు పట్టిందేమోనని చూసేదాన్ని. పెనుకొండ తాలూకా మొత్తంలో, ఈ ఏడు వాన కాస్త ఆలస్యంగా రావాలని దండం పెట్టుకున్న రైతుబిడ్డను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వాన నా మాట వినలేదు. ఒక సాయంత్రం కొండ మీద నుంచి దిగి, రాత్రంతా కురిసి, తెల్లారేసరికి నేల గుల్లబారి కమ్మటి వాసన కొడుతోంది. నాయన చేలో కాలు పెట్టి మడమ దిగిన లోతు చూసుకొని వచ్చాడు. "మంచి పదును. నాలుగు దినాల్లో విత్తేయల్ల" అన్నాడు. పదునంటే నేలలో తడి. మా నేలలో అది ఎక్కువ రోజులు నిలవదు. ఆ నాలుగు రోజుల్లో విత్తనం పడితే పంట, లేకపోతే ఏడాదంతా ఆ చోటు బీడు.

కాయలు వొలవడానికి వీధిలో ఆడవాళ్ళు అయిదారుగురు వచ్చి వాకిట్లో చుట్టూ కూర్చున్నారు. మొదటి బాన బాగానే ఉంది. రెండో బానను వంచారు. పైన నాలుగు దోసిళ్ళు కాయలు రాలి, ఆ తరువాత గలగలమని తొక్కలు కుప్పగా పడ్డాయి.

అవ్వ ఒక తొక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎలుక తిన్న తొక్క ఇట్లుండదే" అంది. తరువాత నా వైపు తిరిగింది. నా ముఖంలోనే అంతా కనపడి ఉంటుంది.

చెప్పేశాను. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, ఏ మాటకు ఎవరికి పోశానో అన్నీ చెప్పాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. "నేనే కదా దోసెడు పోసి అడగమంటి! నా నోరు పడిపోను" అని తనను తానే తిట్టుకుంది. నాయన వాకిలి అరుగు మీద కూర్చుని తొక్కల కుప్పనే చూస్తున్నాడు. నా రిబ్బన్లు, నా థర్డ్ ఫారం అన్నీ ఆ కుప్పలో ఉన్నట్టే అనిపించింది. ఇంక బడి అయిపోయిందనుకున్నాను.

అప్పుడే తడిక దగ్గర దగ్గు వినిపించింది. దర్జీ మామ. భుజాన ఒక సంచి. ఊళ్ళోవాళ్ళ చొక్కాలూ రవికలూ కత్తిరించగా మిగిలిన పేలికలన్నీ కలిపి కుట్టిన సంచి. దాంట్లో నా పచ్చలంగా ముక్క కూడా ఉంది. బరువుకు ఆయన ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు. సంచిని నాయన ముందు దించాడు.

"ఇదో అప్పా. మీ విత్తనం."

నాయనకు అర్థం కాలేదు. దర్జీ మామ మూతి విప్పి చూపించాడు. కాయలు. పైన ఎండిన వేపాకు.

"మొదటి దినమే చూసినా. ఏరిన కాయ. విత్తనం కాయను ఎట్ల తింటానప్పా, నేనూ చేను చేసేవాణ్ణే కదా? వద్దంటే పాప చిన్నబుచ్చుకుంటాది, ఇంక మాట అడగను రాదు. నీకు చెప్తే బడి మాన్పిస్తావు. దానికే ఒక్క కాయ కూడా ముట్టకుండా పెట్టినా. వాన పడితే తీసుకోని వద్దామని కాచుకోని ఉండా."

నాకు ఒక్కసారిగా అన్నీ తెలిసిపోయాయి. పన్ను నొప్పి, కడుపుబ్బరం, అన్నీ. ఆయన నా వైపు చూసి ఒక కన్ను మూశాడు. ఏడుపులో నవ్వొచ్చింది. అంత సిగ్గులో కూడా అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

నాయన సంచిలో చెయ్యి పెట్టి, కాయల్ని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. చాలాసేపు అట్లాగే చేశాడు. తరువాత నన్ను చూసి ఒక్క మాటన్నాడు.

"అడిగింటే ఇయ్యకపోదునా పాపా?"

అంతే. లేచి విత్తే గొర్రు సరిచేసుకోవడానికి పోయాడు. ఆయన కొట్టి ఉంటే ఆ రోజుకే మర్చిపోయేదాన్ని. ఈ మాట మాత్రం మర్చిపోలేదు. ఇస్తాడో ఇవ్వడోనని నేను ఆయన్ను అడగనే లేదు.

దర్జీ మామకు అవ్వ ఉగ్గాని చేసి పెట్టింది. బొరుగులు తడిపి, పోపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు. పన్ను నొప్పి మనిషి మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు విత్తనం మొదలు. నాయన ఎద్దుల్ని తోలుతుంటే, అవ్వ గొర్రు మీది కొయ్య గిన్నెలోకి గింజలు వదులుతూ వెనక నడిచేది. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. దాంట్లోంచి వెదురు గొట్టాల గుండా గింజ నేలలోకి దిగుతుంది. వొలిచిన గింజలు పోసిన పేలికల సంచి మోసుకుంటూ నేను అవ్వ పక్కనే. ఆ రోజంతా నాయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండో రోజు కూడా పొద్దెక్కేదాకా మాట్లాడలేదు. బడి తెరవడానికి వారం కూడా లేదు.

చాలు తిరిగేచోట నాయన ఎద్దుల్ని ఆపాడు. నుదురు తుడుచుకున్నాడు.

"సెలవులకని మీ అయ్యవారు ఒక మాట ఇచ్చినాడంటివే. దొరికిందా?"

అవ్వ మోచేత్తో పొడిచింది.

"'డ్రిల్లు' నాయనా. బడి ఆవరణలో వరసగా నిలబెట్టి చేయించేది ఒకటి. కమ్మరి కొలిమి కాడ ఇనుముకు బొక్క పొడిచేది ఒకటి. రెండే దొరికినాయి."

"రెండేనా?" అని నాయన గొర్రు మీద చెయ్యి వేశాడు. "గ్రామసేవక్ వస్తాడు కదా, జీపులో. ఆయప్ప దీన్ని డ్రిల్లు అంటాడు. విత్తనం డ్రిల్లు. పోయిన ఏడు తోటకాడ మీటింగులో బొమ్మ కూడా చూపించినాడు. మూడోది రాసుకో."

రాసుకోవడానికి బలపం లేదు. కళ్ళ నిండా నీళ్ళు. తల ఊపాను.

నాయన నా ముందుకు వచ్చి, మట్టి అంటిన రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు.

"ఏదీ, నా దోసెడు?"

అవ్వ పకపకా నవ్వింది. నేను సంచిలోంచి గింజలు తీసి ఆయన దోసిలి నిండా పోశాను. పొంగిపొర్లేట్టు పోశాను. ఒక్క గింజ కింద పడకుండా పట్టుకుపోయి, ఆయన వాటిని జడ్డిగంలో పోసి, ఎద్దుల్ని అదిలించాడు.

దర్జీ మామ తెచ్చినవి కలిపినా ఇంకా కొంత తక్కువే వచ్చింది. పాయింట్స్‌మాన్ మామ కడుపులోకీ, కాంపౌండరు కడుపులోకీ పోయినవి తిరిగి రావు కదా. చేలో ఈశాన్యం వైపు ఒక మూల మిగిలిపోయింది. నాయన దాంట్లో ఉలవలు చల్లాడు. ఆ ఏడు చలికాలమంతా ఇంట్లో ఉలవ గుగ్గిళ్ళే. "ఇంగ్లీషు గుగ్గిళ్ళు రాండప్పా" అని అవ్వ వీధిలోవాళ్ళను పిలిచి పెట్టేది. ఆ మూలకు 'ఇంగ్లీషు మూల' అనే పేరు నిలిచిపోయింది. చేను చేతులు మారాక కూడా కొన్నవాళ్ళు అట్లాగే అన్నారట.

నేను థర్డ్ ఫారం చదివాను. ఆ తరువాతవీ చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికాను. సోమవారం సోమవారం బోర్డు మీద ఒక్క మాట రాసేదాన్ని. దర్జీ మామ, అవ్వ, నాయన ఎవరూ లేరిప్పుడు. ఆ రేకుల చాటు కూడా లేదు. నీళ్ళు చల్లిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆవిరి ఎక్కడైనా తగిలితే మాత్రం నా చేతులు వాటంతటవే దోసిలి పట్టబోతాయి.

మొన్న అదే ఫోనులో మనవణ్ణి 'డ్రిల్లు' కొట్టి చూడమన్నాను. వాడు వేలితో తోసుకుంటూ పోయాడు. ఎక్కడో అడుగున ఉంది. విత్తనం వేసే గొర్రు.

"ఇది ఎవరికి కావాలి అవ్వా?" అన్నాడు. మళ్ళీ నా ముఖం చూసి నవ్వుతూ అడిగాడు. "సరే, దీనికెంత పోశావు?"

"దోసెడు" అన్నాను. "అది మొలిచింది."